ప్రింటర్ రోజూ పొద్దున్నే ‘ఆఫ్‌లైన్’ అంటుంటే ముందు చూడాల్సింది దాని అడ్రస్

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తెనాలిలో కింద మీ నాన్నగారి దస్తావేజుల ఆఫీసు, మేడ మీద ఇల్లు. కొత్తగా ఇంక్ ట్యాంక్ వైఫై ప్రింటర్ కొన్నారు. కేబుల్ పెడితే ప్రింట్ వస్తోంది. వైఫైలో ఆ రోజుకు బాగానే ఉండి, మర్నాడు పొద్దున కంప్యూటర్‌లో ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తోంది. తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే ఆ పూటకు నడుస్తోంది. మేడ మీద ల్యాప్‌టాప్‌కు అసలు కనిపించడమే లేదు. కొన్న షాపులో అడిగితే ఇంకో మోడల్ తీసుకోమంటున్నారు.

నేను విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఆఫీసుల్లో, ఇళ్ళల్లో ప్రింటర్లు బిగించి నెట్‌వర్క్ సరిచేసే పనిలో చాలా కాలంగా ఉన్నాను. దయచేసి ప్రింటర్ మార్చకండి. కేబుల్ మీద చక్కగా పనిచేస్తోందంటే మెషిన్‌లో లోపం లేదు. మీరు రాసిన లక్షణాలు చూస్తే రెండు వేర్వేరు సమస్యలు కనిపిస్తున్నాయి. కింద ఆఫీసులో ప్రింటర్ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబర్, మారిపోతోంది. మేడ మీద, నా అంచనా, మీరు పైన పెట్టించిన రెండో రూటర్ అడ్డం పడుతోంది. రెండింటికీ పైసా ఖర్చు లేదు.

కంప్యూటర్ జోలికి వెళ్ళే ముందు ప్రింటర్‌నే అడగండి. దాదాపు ప్రతి వైఫై ప్రింటర్ తన నెట్‌వర్క్ వివరాలన్నీ ఒక కాగితం మీద అచ్చు వేసి ఇస్తుంది. చిన్న స్క్రీన్ ఉన్న మోడల్ అయితే నెట్‌వర్క్ మెనూలో ఉంటుంది. స్క్రీన్ లేకపోతే ‘ఐ’ గుర్తు ఉన్న బటన్ గానీ వైఫై బటన్ గానీ కాసేపు నొక్కి పట్టుకుంటే వస్తుంది. ఏ బటన్ అన్నది పెట్టెలో వచ్చిన కాగితంలో రాసి ఉంటుంది. ఆ పేజీలో నాలుగు విషయాలు చూడండి. ఒకటి, వైఫై పేరు (ఎస్ఎస్ఐడీ అన్న చోట). అది మీ ఆఫీసు రూటర్ పేరేనా, పక్కింటిదా, గెస్ట్ నెట్‌వర్కా? రెండు, ఐపీ అడ్రస్, అంటే 192.168 తో మొదలయ్యే నంబర్. అది 169.254 తో మొదలైతే రూటర్ ప్రింటర్‌కు అడ్రస్ ఇవ్వలేదని అర్థం. అలాంటప్పుడు డ్రైవర్‌ను (కంప్యూటర్‌లో ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఎన్నిసార్లు ఎక్కించినా ఉపయోగం ఉండదు. మూడు, సిగ్నల్. నాలుగు, మ్యాక్ అడ్రస్, అంటే రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలుగా ఉండే పన్నెండు అక్షరాల కోడ్. లాన్ పోర్ట్ (నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే చోటు) కూడా ఉన్న మోడల్ అయితే రెండు మ్యాక్ అడ్రస్‌లు ఉంటాయి, అందులో వైఫైది రాసుకోండి. చాలామంది తొందరలో రెండోది రాసుకుని, సెట్టింగ్ పనిచేయలేదని అనుకుంటారు.

ఇప్పుడు ఆ ఐపీ నంబర్‌ను ఆఫీసు కంప్యూటర్ బ్రౌజర్‌లో, వెబ్‌సైట్ పేరు కొట్టే చోట కొట్టండి. ప్రింటర్ సొంత పేజీ, ఇంక్ లెవెల్స్‌తో సహా తెరుచుకుంటుంది. సెక్యూరిటీ హెచ్చరిక ఏదైనా వస్తే కంగారు పడకండి, అది మీ గదిలో ఉన్న మెషినే. ఆ పేజీ తెరుచుకుంటే నెట్‌వర్క్ బాగున్నట్టు, తేడా విండోస్‌లో ఉన్నట్టు. తెరుచుకోకపోతే తేడా రూటర్ వైపు ఉంది. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్ష చేయకుండా డ్రైవర్లు తీసి పెట్టుకుంటూ రోజులు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది.

మీ విషయంలో రోజూ పొద్దునే ఎందుకు? రాత్రి ఆఫీసు మూసేటప్పుడు మెయిన్ ఆపేస్తామని రాశారు. దాంతో రూటర్ కూడా ఆగిపోతుంది. ఇళ్ళల్లో వాడే రూటర్లలో చాలావాటికి కరెంటు పోతే నిన్న ఎవరికి ఏ నంబర్ ఇచ్చిందో గుర్తుండదు. పొద్దున ఎవరు ముందు వస్తే వాళ్ళకు ఖాళీగా ఉన్న నంబర్ ఇచ్చేస్తుంది. నిన్న ప్రింటర్‌కు ఉన్న నంబర్ ఈ రోజు మీ నాన్నగారి ఫోన్‌కు వెళ్తుంది. కంప్యూటర్ మాత్రం పాత నంబర్‌కే ఫైలు పంపి, జవాబు రాకపోయేసరికి ‘ఆఫ్‌లైన్’ అంటుంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది కొత్త నంబర్ తెలుసుకుంటుంది కాబట్టి ఆ పూటకు నడుస్తుంది.

అంటే ప్రింటర్‌కు ఎప్పటికీ ఒకే నంబర్ ఉండేలా చేయాలి. రూటర్ పేజీలోకి వెళ్ళండి. జియో ఫైబర్ అయితే సాధారణంగా 192.168.29.1, మిగతావి ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1. రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. లోపల లాన్ లేదా డీహెచ్‌సీపీ (పరికరాలకు నంబర్లు పంచే ఏర్పాటు) విభాగంలో ‘అడ్రస్ రిజర్వేషన్’ అనో ‘స్టాటిక్ లీజ్’ అనో కనిపిస్తుంది. అక్కడ ఇందాక రాసుకున్న మ్యాక్ అడ్రస్ ఇచ్చి, ఎదురుగా ఒక ఐపీ నంబర్ ఇచ్చి సేవ్ చేయండి. ప్రింటర్ ఆపి ఆన్ చేయండి. ఇక రూటర్ ఎన్నిసార్లు ఆగి లేచినా ఆ నంబర్ ప్రింటర్‌కే.

కేబుల్ ఆపరేటర్ పెట్టిన రూటర్ అయితే పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరే ఉండొచ్చు. ఫోన్ చేసి అడిగితే చాలామంది వాళ్ళే చేసి పెడతారు. కుదరకపోతే ప్రింటర్ సొంత పేజీలోనే ఐపీని ‘మాన్యువల్’ చేసి ఇవ్వొచ్చు. అప్పుడు మాత్రం రూటర్ పంచే వరసలో లేని నంబర్ ఎంచుకోవాలి. ఉదాహరణకు నంబర్ చివరి భాగంలో రూటర్ 2 నుంచి 200 దాకా పంచుతుంటే మీరు అక్కడ 240 ఇవ్వండి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే అంటే రూటర్ నంబర్. రిజర్వేషన్ దొరికితే అదే మేలు, రేపు రూటర్ మారినా ప్రింటర్‌లో ఐపీ నంబర్ మార్చక్కర్లేదు.

ఇక విండోస్ వైపు. ఇన్నిసార్లు ఇన్‌స్టాల్ చేశారు కాబట్టి ప్రింటర్ల జాబితాలో ఒకే పేరుతో ‘కాపీ 1’, ‘కాపీ 2’ అంటూ కొన్ని పేరుకుపోయి ఉంటాయి. ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. ఉంచిన దాని ‘ప్రింటర్ ప్రాపర్టీస్’లో ‘పోర్ట్స్’ చూడండి. అక్కడ డబ్ల్యూఎస్‌డీ పోర్ట్ ఉంటే దాన్ని వాడకండి. విండోస్ తనంతట తాను వెతికి పెట్టుకునే ఈ పోర్ట్, మారిన అడ్రస్‌ను మళ్ళీ పట్టుకోవాలి గానీ, నేను చూసిన ‘ఆఫ్‌లైన్’ ఫిర్యాదుల్లో చాలావాటి వెనక అదే ఉంటుంది. ‘యాడ్ పోర్ట్’ నొక్కి, ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్’ ఎంచుకుని, రిజర్వ్ చేసిన నంబర్ ఇవ్వండి. తర్వాత అదే పోర్ట్‌కు ‘కాన్ఫిగర్ పోర్ట్’ తెరిచి ‘ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్’ దగ్గర టిక్ తీసేయండి. ఈ టిక్ ఉంటే విండోస్ మాటిమాటికీ ప్రింటర్‌ను పలకరిస్తుంది, చిన్న ప్రింటర్ దానికి జవాబివ్వకపోతే అన్నీ బాగున్నా ఆఫ్‌లైన్ అని రాసేస్తుంది.

‘లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్’ అన్నది కూడా ఆపేసి, మీ ప్రింటర్‌నే డిఫాల్ట్ చేయండి. లేకపోతే చివరిసారి ఎందులో ప్రింట్ ఇచ్చారో అదే డిఫాల్ట్ అవుతుంది. పొద్దున ఒక పీడీఎఫ్ సేవ్ చేసుకున్న పాపానికి మధ్యాహ్నం దస్తావేజు కాగితం మీద రాకుండా ఫైలుగా సేవ్ అవుతుంది.

ఆగిపోయిన ప్రింట్లు వరసలో ఇరుక్కుని ‘డిలీటింగ్’ అంటూ కదలకపోతే, స్టార్ట్‌లో ‘సర్వీసెస్’ అని వెతికి ‘ప్రింట్ స్పూలర్’ను (ప్రింట్లను వరసలో పెట్టి పంపే విండోస్ సర్వీసు) ఆపండి. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్ అన్న ఫోల్డర్ల లోపలి ‘ప్రింటర్స్’ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళు తీసేసి స్పూలర్‌ను మళ్ళీ స్టార్ట్ చేయండి. ఫోల్డర్‌ను మాత్రం తీసేయకండి, లోపలివే.

మేడ మీద సంగతికి వద్దాం. సిగ్నల్ రావట్లేదని పైన ఇంకో రూటర్ పెట్టించామన్నారు కదా. మన దగ్గర రెండో రూటర్ పెట్టేవాళ్ళు చాలావరకు కింది నుంచి వచ్చిన కేబుల్‌ను దాని వ్యాన్ పోర్ట్‌లో (ఇంటర్నెట్ కేబుల్ కోసం ఉండే చోటు) గుచ్చి, వైఫై పేరు పెట్టి వెళ్ళిపోతారు. ఇంటర్నెట్ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ అది వేరే నెట్‌వర్క్. పరీక్ష సులభం. ల్యాప్‌టాప్ ఐపీ చూడండి. కింద ప్రింటర్ 192.168.29 వరసలో ఉండి, పైన ల్యాప్‌టాప్ 192.168.0 వరసలో ఉంటే నా అంచనా నిజమే. ప్రింటర్‌ను వెతికే పిలుపు ఒక నెట్‌వర్క్ దాటి ఇంకోదానిలోకి వెళ్ళదు. అందుకే ‘సెర్చింగ్’ తిరుగుతూనే ఉంటుంది, ఏదీ దొరకదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. వెతికితే దొరకకపోయినా, పైనుంచి కింది నంబర్‌కు నేరుగా పంపితే సాధారణంగా చేరుతుంది. కాబట్టి ఈ రోజే అవసరమైతే ల్యాప్‌టాప్‌లో ఇందాకటి టీసీపీ/ఐపీ పోర్ట్ పద్ధతిలో ప్రింటర్ నంబర్ ఇచ్చి చూడండి. అసలు మందు మాత్రం పై రూటర్‌ను ‘యాక్సెస్ పాయింట్ మోడ్’లోకి మార్చడం. ఆ మోడ్ లేని రూటర్ అయితే దాని నంబర్‌ను కింది వరసలో ఎవరూ వాడని నంబర్‌గా మార్చి, డీహెచ్‌సీపీ ఆపేసి, కేబుల్‌ను వ్యాన్ పోర్ట్‌లోంచి తీసి లాన్ పోర్ట్‌లో గుచ్చండి. అప్పుడు ఇల్లంతా ఒకటే నెట్‌వర్క్. ఫోన్‌లోంచి కూడా ప్రింటర్ దానంతట అదే కనిపిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పైన కనిపించకపోతే మూడు చూడండి. ఫోన్ గానీ ల్యాప్‌టాప్ గానీ గెస్ట్ వైఫైలో ఉందా? గెస్ట్ వైఫై ఉద్దేశమే పరికరాలను ఒకదానికొకటి కనపడకుండా ఉంచడం. విండోస్‌లో మీ వైఫై ‘పబ్లిక్’ అని ఉందా? ‘ప్రైవేట్’ చేయండి. మీది కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అన్నారు కాబట్టి, కంపెనీ వీపీఎన్ (ల్యాప్‌టాప్‌ను కంపెనీ నెట్‌వర్క్‌కు కలిపేది) ఆన్‌లో ఉందేమో చూడండి. చాలా కంపెనీల వీపీఎన్ ఇంట్లోని పరికరాలను మూసేస్తుంది. అది ఆపి చూసుకోండి. దాని సెట్టింగులు మార్చే పని మీ కంపెనీ ఐటీ వాళ్ళదే, మీరు వాటిని కెలకకండి.

మొదట వైఫై ఎక్కించేటప్పుడే తంటా పడే మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. ఇళ్ళకు కొనే ప్రింటర్లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పడతాయి, 5 గిగాహెర్ట్జ్ వైఫై వాటికి కనిపించదు. రూటర్ రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే సెటప్ యాప్ తికమక పడుతుంది. సెటప్ చేసేంతసేపు 5 గిగాహెర్ట్జ్ ఆపి, ప్రింటర్ ఎక్కాక మళ్ళీ ఆన్ చేసుకోండి. ఆ తర్వాత ఫోన్ 5లో ఉన్నా, ప్రింటర్ 2.4లో ఉన్నా రూటర్ ఒకటే అయితే ప్రింట్ వస్తుంది. అలాగే కొత్త రూటర్లలో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే పాత ప్రింటర్లు ఎక్కవు, డబ్ల్యూపీఏ2 కూడా కలిసిన మోడ్ పెట్టండి. ప్రింటర్ వెనక లాన్ పోర్ట్ ఉండి రూటర్ ఆ గదిలోనే ఉంటే మాత్రం ఈ గొడవంతా మానేసి కేబుల్ వేసేయండి. ఆఫీసుకు అంతకు మించిన ఏర్పాటు లేదు.

కొందరు ప్రింటర్‌ను ఒక సిస్టమ్‌కు యూఎస్‌బీతో పెట్టి, మిగతా సిస్టమ్‌లకు షేర్ చేయమని సలహా ఇస్తారు. వైఫై ఉన్న మెషిన్‌కు ఆ పద్ధతి వద్దు. ఆ సిస్టమ్ ఆపితే అందరికీ ప్రింట్ ఆగిపోతుంది. పైగా 2021లో ప్రింట్ స్పూలర్‌లో ‘ప్రింట్‌నైట్‌మేర్’ అనే పెద్ద లొసుగు బయటపడింది. ఆ ఏడాది మైక్రోసాఫ్ట్ ప్రింటింగ్ మీద వరసగా కట్టుదిట్టం చేసింది. అప్పటినుంచే షేరింగ్‌లో చివర 11బి అని ఉండే ఎర్రర్ చాలామందిని ఏడిపిస్తోంది. దాన్ని తప్పించుకోవడానికి రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగులు) మార్చమని చెప్పే వీడియోలు ఉన్నాయి. అవి సెక్యూరిటీని తగ్గించేవే. ప్రతి సిస్టమ్ ప్రింటర్ నంబర్‌కు నేరుగా పంపుకుంటే ఆ అవసరమే రాదు.

స్కానర్ గురించి. విండోస్ తనంతట తాను పెట్టుకున్న డ్రైవర్‌తో ప్రింట్ వచ్చినా స్కాన్ రాకపోవచ్చు. కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్ళి పూర్తి ప్యాకేజీ దించుకోండి. యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టేవాళ్ళు అయితే ఆ ప్యాకేజీ అడిగేదాకా కేబుల్ గుచ్చకండి.

ఫోన్ నుంచి వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌లు ప్రింట్ తీయడానికి ఐఫోన్‌లో 2010 నుంచీ ఎయిర్‌ప్రింట్ ఉంది, వేరే యాప్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో ‘డీఫాల్ట్ ప్రింట్ సర్వీస్’ ఆన్ చేసి చూడండి, దొరక్కపోతే మోప్రియా యాప్ గానీ ప్రింటర్ కంపెనీ యాప్ గానీ వేసుకోండి. గూగుల్ క్లౌడ్ ప్రింట్ వాడమని ఎక్కడైనా రాసి ఉంటే అది పాత సలహా, 2020 చివర్లో ఆ సర్వీసు ఆపేశారు.

ఈ మాట మాత్రం మీ నాన్నగారికి కూడా చదివి వినిపించండి. ‘ప్రింటర్ ఆఫ్‌లైన్’ అని గూగుల్‌లో వెతికితే కంపెనీ వాళ్ళదే అనిపించేలా టోల్ ఫ్రీ నంబర్లతో దొంగ సైట్లు వస్తాయి. ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడి, స్క్రీన్ షేర్ చేసే యాప్ వేయిస్తారు. ఏవో ఎర్రర్లు చూపించి ‘మీ నెట్‌వర్క్ హ్యాక్ అయింది’ అంటూ డబ్బులు అడుగుతారు, లేదా మీరు బ్యాంక్ యాప్ తెరిచేదాకా కాచుకుంటారు. దస్తావేజుల ఆఫీసు సిస్టమ్‌లో ఎంతమంది ఆధార్, పాన్ కాపీలు ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. నంబర్ కావాలంటే వారంటీ కార్డు మీదది తీసుకోండి. ఎవరైనా అప్పటికే మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మీరు అడగలేదు గానీ దస్తావేజులకు వాడతామన్నారు కాబట్టి ఇంక్ సంగతి చెప్పకుండా ఉండలేను. ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో కొన్నింటి నలుపు పిగ్మెంట్ ఇంక్, కొన్నింటిది డై ఇంక్. డై ఇంక్ నీళ్ళు తగిలితే కరిగిపోతుంది. ఒక మామూలు పేజీ ప్రింట్ తీసి, బాగా ఆరనిచ్చి, ఒక అక్షరం మీద నీటి చుక్క వేసి, కాసేపాగి వేలితో తుడవండి. అక్షరం చెదరకపోతే నిశ్చింత. నీలంగానో నల్లగానో పాకితే ఆ మెషిన్ జిరాక్సులకు, డ్రాఫ్టులకు వాడుకోండి. రిజిస్ట్రేషన్‌కు వెళ్ళే కాపీ మాత్రం లేజర్‌ ప్రింటర్‌లో తీయండి. జనం ఆ కాగితాలను బీరువాలో తరాలపాటు దాచుకుంటారు, ఇల్లు కురిసినప్పుడు తడిసేవీ అవే. పిగ్మెంట్ ఉన్న మెషిన్‌లో కూడా పేపర్ రకం ‘ప్లెయిన్ పేపర్’ అనే ఉంచండి. ‘ఫొటో పేపర్’ అని ఉంటే చాలా మోడల్స్ రంగుల ఇంకులు కలిపి నలుపు చేస్తాయి, అది మళ్ళీ డై ఇంకే.

పేపర్ సైజు డ్రైవర్‌లో ‘లెటర్’ అని ఉంటే ‘ఏ4’ చేయండి. లెటర్ సైజు 216 ఇంటు 279 మిల్లీమీటర్లు, ఏ4 210 ఇంటు 297. ఆ తేడాకే అడుగున వరసలు తెగిపోతాయి, లేదా ప్రింటర్ పేపర్ సరిపోలేదని ఆగిపోతుంది. స్టాంప్ పేపర్‌ను స్కేలుతో కొలిచి ‘కస్టమ్’ సైజుగా సేవ్ చేసుకోండి. పైనుంచి నేరుగా దిగే వెనక ట్రే ఉంటే అందులోంచే పెట్టండి, ముందు ట్రేలో కాగితం మెలిక తిరిగి వెళ్తుంది. ముందు తెల్లకాగితం మీద తీసి, స్టాంప్ పేపర్ మీద పెట్టి వెలుతురుకు ఎత్తి చూసుకున్నాకే అసలుది తీయండి. అను ఫాంట్స్‌లో టైప్ చేసిన పాత ఫార్మాట్లు ఉంటే, ఆ ఫాంట్లు ఉన్న సిస్టమ్‌లోనే పీడీఎఫ్ చేసి పంపండి. ల్యాప్‌టాప్‌లో నేరుగా తెరిస్తే అక్షరాల బదులు పిచ్చిగీతలు వస్తాయి, అది ప్రింటర్ తప్పు కాదు.

చివరగా, రాత్రి మెయిన్ ఆపే ముందు ప్రింటర్‌ను దాని పవర్ బటన్‌తోనే ఆపి, లైటు పూర్తిగా ఆరేదాకా ఆగండి. అప్పుడే హెడ్ (ఇంక్ చిమ్మే భాగం) తన చోటికి వెళ్ళి మూత పడుతుంది. నేరుగా మెయిన్ ఆపితే హెడ్ మధ్యలో ఉండిపోయి ఇంక్ ఎండుతుంది. మన ఎండాకాలంలో అయితే మరీ త్వరగా. వారానికి ఒక కలర్ పేజీ తీస్తుండండి. గీతలు పడితే ముందు నాజిల్ చెక్ (ఇంక్ సరిగ్గా వస్తోందో చూపే పేజీ) తీసి చూసి, అవసరమైతేనే క్లీనింగ్ ఇవ్వండి. క్లీనింగ్ చేసిన ప్రతిసారీ ఇంక్ వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది, ఆ ప్యాడ్ నిండితే చాలా మోడల్స్‌లో మెషిన్ సర్వీసుకు వెళ్ళాల్సిందే.

రిజర్వేషన్, పోర్ట్ రెండూ మార్చి రెండు పొద్దులు చూడండి. అప్పటికీ ఆఫ్‌లైన్ అంటే ప్రింటర్ ఇచ్చిన నెట్‌వర్క్ పేజీ ఫొటో, రెండు రూటర్ల మోడల్ పేర్లు, ఇబ్బంది ఉన్న సిస్టమ్ ఐపీ ఇక్కడ పెట్టండి. ఫొటోలో వైఫై పాస్‌వర్డ్ గానీ సీరియల్ నంబర్ గానీ ఉంటే కాగితం అడ్డం పెట్టి తీయండి.